గంజాయికి శిక్ష మైదానం నుంచి వెలివేతేనా?

నా దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ మైదానంలో పొద్దునపూట నా దగ్గర పరుగు నేర్చుకునే పిల్లల సమయాలన్నీ అందులో రాసుకుంటాను. ఒక పేజీలో ఒక కుర్రాడి 800 మీటర్ల లెక్కలు ఉన్నాయి: మొదటి లాప్ 57 సెకన్లు, రెండో లాప్ 60, మొత్తం ఒక నిమిషం 57 సెకన్లు. మహబూబ్‌నగర్ వైపు ఒక పల్లె నుంచి వచ్చి, ఎవరో వాడి వదిలేసిన స్పైక్స్, అంటే మేకుల బూట్లు, వేసుకుని, పందొమ్మిదేళ్ల వయసులో ఏడాదిన్నర సాధనతో ఆ సమయానికి చేరుకున్న పిల్లవాడు. ఆ లెక్కల కింద మరుసటి వారం తేదీ వేసి, ఎదురుగా గడి ఖాళీగా ఉంచాను. ఆ వారంలోనే అతను ఉంటున్న వసతిగృహంలో గదులు సోదా చేస్తే, అతని పెట్టెలో సగం కాల్చి ఆర్పేసిన గంజాయి సిగరెట్టు ఒకటి దొరికింది. అదే సాయంత్రం అతనిని సంచి సర్దుకుని వెళ్లిపొమ్మన్నారు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

గంజాయి వాడిన క్రీడాకారులను పోటీల నుంచి నిషేధించాలా అన్న ప్రశ్న ఎక్కడ చర్చకు వచ్చినా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ గడే. నిషేధించకూడదన్నది నా అభిప్రాయం. నేను గంజాయిని వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోకూడదు కనుక ఒక సంగతి ముందే చెబుతాను. నేను పుట్టి పెరిగింది ఈ నగరంలోనే. ధూల్‌పేట పేరు గుడుంబాతో ముడిపడి ఉన్న రోజులూ చూశాను, తర్వాత అదే పేరు గంజాయి పొట్లాలతో ముడిపడడమూ చూశాను. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి బయలుదేరిన సరుకు నగరంలో కళాశాలల గేట్ల దాకా ఎలా చేరుతుందో పత్రికలు చదివే ప్రతి తల్లికీ తండ్రికీ తెలుసు. మా వీధిలోనే చదువు చెడగొట్టుకుని, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టలేని స్థితికి చేరిన ఒక యువకుడిని ఆసుపత్రికి తీసుకువెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఏ ఒక్కరూ దాని జోలికి పోకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. ఆ కోరిక వల్లనే ఈ నిషేధాన్ని వ్యతిరేకిస్తున్నాను.

అసలు క్రీడల్లో ఒక పదార్థాన్ని ఎందుకు నిషేధిస్తారు? ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, మూడు కొలమానాలు పెట్టుకుంది. ఆ పదార్థం ఆటతీరును మెరుగుపరచగలదా, క్రీడాకారుడి ఆరోగ్యానికి ముప్పు తెస్తుందా, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమా అన్నవి ఆ మూడు. వీటిలో ఏ రెండు వర్తించినా నిషేధిత జాబితాలో చేర్చవచ్చు. అంటే ఆట ఏమాత్రం మెరుగుపడకపోయినా, ఆరోగ్యం పేరు మీద, స్ఫూర్తి పేరు మీద ఒక పదార్థాన్ని నిషేధించే వీలు ఆ నియమంలోనే ఉంది. గంజాయి విషయంలో జరిగింది దాదాపు అదే. 2022 సెప్టెంబరులో వాడా ఈ అంశాన్ని తిరిగి పరిశీలించి, గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని జాబితాలోనే ఉంచాలని నిర్ణయించినప్పుడు, ప్రధానంగా ఆధారపడింది ఆరోగ్యం, క్రీడాస్ఫూర్తి అన్న రెండు కారణాల మీదనే.

ఆరోగ్యానికి హాని అన్న మాటను నేను కాదనను. ఆ హాని నుంచి క్రీడాకారుడిని కాపాడడానికి అతనిని మైదానానికి దూరం చేయడమే మార్గమని ఎలా తేల్చారో మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు. మద్యం వల్ల మన రాష్ట్రంలో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో వేరే చెప్పనక్కరలేదు. అయినా 2018 నుంచి వాడా జాబితాలో మద్యం లేదు. అంతకుముందు కూడా విలువిద్య, మోటారు పందేలు వంటి కొన్ని ఆటలకే ఆ నిషేధం ఉండేది. పోటీకి ముందు రాత్రి తప్పతాగిన పరుగు వీరుడిని ఆ జాబితా ఏమీ అనదు. క్రీడాస్ఫూర్తి అన్న కొలమానం రెండు మత్తులకూ ఒకేలా వర్తించాలి కదా.

ఇక ఆటతీరు సంగతి. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు నేను పరుగెత్తినదీ ఇప్పుడు నేర్పుతున్నదీ 800 మీటర్లే. ఈ పరుగు కాళ్లతో ఎంత పరుగెత్తాలో లెక్కతో అంత పరుగెత్తాలి. మొదటి వంద మీటర్లు దాటాక అందరూ లోపలి లేనులోకి జరిగే చోట ఎవరి భుజం ఎవరికి తగులుతుందో, 500 మీటర్ల దగ్గర ముందువాడు వేగం పెంచితే వెంటనే కదలాలా, మరో యాభై మీటర్లు ఓపిక పట్టాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. గంజాయి మత్తు గుండె వేగాన్ని పెంచుతుంది, స్పందించే వేగాన్ని తగ్గిస్తుంది, కాలం ఎంత గడిచిందన్న అంచనాను తారుమారు చేస్తుంది, కాళ్లూ చేతులూ కలిసి కదలడంలో ఉండే పొందికను చెడగొడుతుంది. అంత దూరం అంత వేగంతో పరుగెత్తేవాడికి ఇంతకంటే కీడు చేసే పదార్థం ఉంటుందా? కండబలం పెంచే స్టెరాయిడ్ తీసుకున్నవాడు పక్క లేనులో ఉన్నవాడి పతకాన్ని దొంగిలిస్తున్నాడు. రక్తంలో ఎర్రకణాలు పెంచుకునే మందు తీసుకున్నవాడిదీ అదే దొంగతనం. గంజాయి తాగి పరుగుకు వచ్చినవాడు ఎవరి దగ్గరా ఏమీ దొంగిలించడం లేదు, తన సమయాన్ని తానే పాడుచేసుకుంటున్నాడు.

అవతలి వాదనలో కొంత బలం ఉందని ఒప్పుకుంటాను. గంజాయి భయాన్ని తగ్గిస్తుందనీ, నొప్పిని మరిపిస్తుందనీ, పోటీ ముందు రాత్రి నిద్ర పట్టిస్తుందనీ, కొండవాలు మీద సైకిలు దూకించేవారికీ మంచు మీద జారేవారికీ భయం తగ్గడమే పెద్ద లాభమనీ కొందరు అంటారు. భయం తగ్గడం ఒక ఆటలో లాభమే కావచ్చు గానీ, తలను మొద్దుబార్చి సంపాదించిన ధైర్యంతో గెలిచినవారిని నేనైతే చూడలేదు. పైగా మంచి పరుగు తర్వాత కలిగే తేలికదనానికి మన శరీరమే ఒక పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. గంజాయిలోని టీహెచ్‌సీ మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో ఇదీ అక్కడే అతుక్కుంటుంది. 1992లో రాఫెల్ మెషూలం అనే శాస్త్రవేత్త బృందం దానిని కనుగొని, సంస్కృతంలోని ఆనందం అన్న మాటను తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టింది. మా పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా వాళ్ల ముఖాలు వెలుగుతాయి. పది లాపులు పూర్తిచేసి గడ్డి మీద వెల్లకిలా పడుకున్నప్పుడు వచ్చే ఆ హాయికి పేరు ఉందని, అది ఎవరి దగ్గరా కొననవసరం లేదని తెలియడం వాళ్లకు చాలా ఇష్టం.

పరీక్ష ఎలా జరుగుతుందో చూసినవారికి ఈ నిషేధంలోని లోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక జాతీయస్థాయి పోటీలో నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయిని డోప్ పరీక్షకు ఎంపిక చేస్తే, తోడుగా నేను వెళ్లాను. పరుగు ముగిసిన క్షణం నుంచి ఒక మహిళా ఉద్యోగి ఆమె వెంటే ఉంది. గదిలో మూతవేసిన నీళ్ల సీసాలు పెట్టారు. అమ్మాయి మూడు సీసాలు తాగింది. ఆ ఉద్యోగి కళ్ల ఎదుటే మూత్రం పోయాలి. సిగ్గుతో మొదటిసారి అరవై మిల్లీలీటర్లే వచ్చింది, కనీసం తొంభై కావాలి. మళ్లీ కూర్చున్నాం. రెండు గంటలు గడిచాక సరిపడా వచ్చింది. వరుసగా పెట్టిన పెట్టెల్లోంచి ఒకటి తానే ఎంచుకుని, మూత్రాన్ని 'ఎ' సీసాలోకీ 'బి' సీసాలోకీ తన చేత్తోనే పోసి, మూతలు ఇక తిరగనంత గట్టిగా బిగించింది. గత వారం రోజుల్లో వాడిన మందుల పేర్లు ఫారంలో రాయమన్నప్పుడు కలం ఆపి నా వైపు చూసింది. "సార్, మొన్న జలుబు చేస్తే మా అమ్మ గోలి ఇచ్చింది, గది కూడ రాయాల్నా? ఏం గాదు గద సార్?" అని అడిగింది. ఆమె చేయి వణుకుతూనే ఉంది. ఆ అమ్మాయి జీవితంలో ఒక్క తప్పూ చేయలేదు, అయినా అంత భయం.

ఆ సీసాలో గంజాయి జాడ దొరికిందనుకోండి. అది నిన్నటిదా, మూడు వారాల కిందటిదా అన్నది ఆ సీసా సూటిగా చెప్పలేదు. టీహెచ్‌సీ కొవ్వులో నిలువ ఉండే పదార్థం. శరీరం దానిని మార్చి కొద్దికొద్దిగా బయటకు పంపుతుంది కాబట్టి, అలవాటు పడినవారిలో మానేసిన వారాల తర్వాత కూడా దాని జాడ మూత్రంలో కనిపిస్తుంది. నియమం ప్రకారం గంజాయి మీద నిషేధం పోటీ సమయానికే పరిమితం. పోటీకి ముందు రోజు రాత్రి 11 గంటల 59 నిమిషాల నుంచి పోటీ, దాని తర్వాత నమూనా సేకరణ ముగిసేవరకు ఉన్న సమయమే లెక్కలోకి వస్తుంది. మిగిలిన రోజుల్లో వాడినా నియమం తప్పినట్టు కాదు. అయినా మిగిలిన రోజుల్లో వాడినదే పోటీ రోజున దొరుకుతుంది. ఈ చిక్కును గుర్తించే 2013లో వాడా పరిమితిని మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల నుంచి 150కి పెంచింది. ఒక్కసారిగా పదింతలు! దానివల్ల ఎప్పుడో ఒకసారి తాగినవారు చాలావరకు బయటపడ్డారు. అలవాటులో చిక్కుకున్నవాడు, అంటే సాయం ఎక్కువగా కావలసినవాడు, ఇప్పటికీ దొరుకుతున్నాడు.

ఆ పదింతల తేడా ఎంతటిదో తెలియాలంటే 1998 నాగానో శీతాకాల ఒలింపిక్స్ దగ్గరకు వెళ్లాలి. స్నోబోర్డింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినది అక్కడే. కెనడాకు చెందిన రాస్ రెబగ్లియాటి స్వర్ణం గెలిచాడు. అతని నమూనాలో 17.8 నానోగ్రాములు తేలడంతో పతకం లాగేసుకున్నారు. అప్పటి నియమాల్లో గంజాయిని స్పష్టంగా నిషేధించలేదని అప్పీలులో తేలి, కొద్ది రోజులకే పతకం తిరిగి ఇచ్చారు. ఇప్పటి పరిమితితో పోలిస్తే అతని నమూనాలో ఉన్నది ఎనిమిదో వంతు కూడా కాదు.

2021లో అమెరికా పరుగు క్రీడాకారిణి షకారీ రిచర్డ్‌సన్‌కు జరిగింది నన్ను ఇంకా బాధిస్తుంది. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో జరిగిన ఒలింపిక్ ఎంపిక పోటీల్లో ఆమె వంద మీటర్లు 10.86 సెకన్లలో పరుగెత్తి గెలిచింది. అప్పుడు ఆమె వయసు 21. తనను కన్న తల్లి చనిపోయిన వార్తను ఆ పోటీల సమయంలోనే ఒక విలేకరి నోటి నుంచి విన్నానని, ఆ దుఃఖంలో గంజాయి వాడానని ఆమే చెప్పుకుంది. ఆ రాష్ట్రంలో అది నేరం కూడా కాదు. శిక్ష ఒక్క నెలే, కాని ఆమె గెలుపు రద్దయింది, టోక్యో ఒలింపిక్స్ చేజారాయి. రెండేళ్ల తర్వాత బుడాపెస్ట్‌లో 10.65 సెకన్లతో ఆమె ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్‌లో వంద మీటర్ల రజతం, రిలేలో స్వర్ణం తెచ్చుకుంది. ఆమె అలా తిరిగి లేచి నిలబడడానికి మంచి శిక్షకులు, పెద్ద కంపెనీల అండ, అభిమానుల సానుభూతి ఉన్నాయి. అవేవీ లేనివారి గురించి నా దిగులు.

రిచర్డ్‌సన్ దొరికిన 2021 జనవరి నుంచే వాడా కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. గంజాయి, కొకైన్, హెరాయిన్, ఎక్‌స్టసీ, ఈ నాలుగింటిని సమాజంలో దుర్వినియోగం అయ్యే పదార్థాలుగా విడిగా చూస్తున్నారు. పోటీ లేని సమయంలో వాడానని, ఆటకు దానితో సంబంధం లేదని నిరూపించుకుంటే మూడు నెలల నిషేధం, చికిత్స కార్యక్రమం పూర్తిచేస్తే ఒక నెల. దక్షిణాఫ్రికా బౌలర్ కగిసో రబాడ 2025లో ఐపీఎల్ మధ్యలో ఇంటికి వెళ్లి, నెల నిషేధం ముగించుకుని తిరిగి వచ్చినది ఈ మార్గంలోనే. అతని విషయంలో దొరికింది కొకైన్ అన్నది గమనించాలి. రెండింటికీ ఒకటే కొలత! అమెరికాలో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ లీగులు గంజాయి విషయంలో ఇంకా ముందుకు వెళ్లి, 2019 చివరి నుంచి 2023 వరకు ఒకదాని వెంట ఒకటి తమ పట్టికల నుంచి దానిని తొలగించాయి. ఆటలేమీ ఆగిపోలేదు.

నెల, మూడు నెలలు అన్నవి అంతర్జాతీయ స్థాయికి చేరినవారి లెక్కలు. వాటికి విచారణ ఉంది, న్యాయవాది ఉన్నాడు, అప్పీలు ఉంది. మన దగ్గర గంజాయి పేరు మీద పిల్లలు మైదానానికి దూరమయ్యేది ఆ స్థాయికి చాలా కిందనే. అక్కడ 'ఎ' సీసా లేదు, 'బి' సీసా లేదు, 150 నానోగ్రాముల పరిమితి లేదు, చికిత్స పూర్తిచేస్తే తగ్గే శిక్ష లేదు. ఒక అధికారి మాట, ఒక సంచి, ఒక ఆర్టీసీ బస్సు టికెట్టు. ఎవరూ దానిని నిషేధం అని పిలవరు, కాని పంతొమ్మిదేళ్ల పిల్లవాడికి అది జీవితకాల నిషేధమే, ఎందుకంటే ఆ వయసులో రెండు సీజన్లు పోతే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగమో పోలీసు ఉద్యోగమో వస్తుందన్న ఆశ కూడా వాటితోనే పోతుంది. పై స్థాయిలో గంజాయిని డోపింగ్ జాబితాలో ఉంచినంత కాలం, కింది స్థాయిలో ఉన్నవారికి ఆ పిల్లవాడు స్టెరాయిడ్ దొంగతో సమానంగానే కనిపిస్తాడు.

ఇది చట్టవిరుద్ధం కదా, చట్టాన్ని మీరినవాడిని మైదానంలో ఎలా ఉండనిస్తాం అని నాతో వాదించే మిత్రులు ఉన్నారు. వారికి నేను చెప్పేది ఆ చట్టాన్నే పూర్తిగా చదవమని. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 27వ సెక్షన్ గంజాయి వాడకానికి ఆరు నెలల వరకు జైలు గానీ, పదివేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చంటుంది. అదే చట్టంలోని 64ఎ సెక్షన్, వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు సిద్ధపడితే అతనికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇస్తుంది. దేశపు నేరచట్టమే వాడినవాడికి ఒక తలుపు తెరిచి ఉంచినప్పుడు క్రీడాసంస్థలు ఆ తలుపు మూసేయడం న్యాయం కాదు. అంతేకాదు, ఆ చట్టం నిర్వచనంలో పూత లేని ఉత్త ఆకు గంజాయి కింద రాదు. హోలీకి కలిపే భంగు ఆ సందులోంచే వస్తుంది. బేగంబజార్‌లో పండుగ పూట ఏ బంధువో అందించిన గ్లాసు తాగి, మరునాడు పరీక్షకు కూర్చున్న క్రీడాకారుడి నమూనాలో కనిపించేది కూడా ఆ టీహెచ్‌సీయే.

పోటీ రోజున మత్తులో ఉన్నవారిని దిగనివ్వాలని నేను అనడం లేదు. బాక్సింగ్ రింగులో, షూటింగ్ రేంజిలో, సైకిల్ పందెంలో మత్తులో ఉన్నవాడు తనకూ పక్కవారికీ ప్రమాదమే. అతనిని ఆ రోజుకు ఆపాలి, వైద్యుడితో మాట్లాడించాలి, అవసరమైతే కొన్ని వారాలు చికిత్సకు పంపాలి. ఆ వారాల్లో కూడా పొద్దున ఐదున్నరకు వచ్చి సాధన చేసుకోనివ్వాలి. గంజాయి మానాలనుకునే పిల్లవాడికి కావలసింది తెల్లవారుజామున లేవడానికి ఒక కారణం, సాయంత్రం త్వరగా పడుకోవడానికి ఒక కారణం, తనను పేరు పెట్టి పిలిచే నలుగురు స్నేహితులు. ఈ మూడూ మైదానంలో ఉన్నాయి. వెళ్లగొట్టిన మరుక్షణం అతనికి మిగిలేది ఆ సిగరెట్టు ఇచ్చిన స్నేహితుడు ఒక్కడే.

మా కుర్రాడి విషయంలో నా తప్పు కూడా ఉంది. సోదాకు నెల ముందు అతను కాలి ముందు ఎముక నొప్పితో బాధపడుతున్నాడు. రాష్ట్రస్థాయి పోటీలు దగ్గర పడుతున్నాయి. ఒకరోజు సాధన అయ్యాక అందరూ వెళ్లిపోయినా అతను మాత్రం స్పైక్స్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "సార్, రాత్రి నిద్ర పడ్తలేదు సార్. కండ్లు మూస్తె కాలు నొప్పే యాదికొస్తది" అన్నాడు. నాకు బ్యాంకుకు ఆలస్యమవుతోంది. ఐస్ పెట్టుకో, రెండు రోజులు పరుగు ఆపు అని చెప్పి బండి స్టార్ట్ చేశాను. అతను ఇంకేదో చెప్పాలనుకున్నాడని నాకు అప్పుడే తెలుసు. అడిగి ఉంటే చెప్పేవాడు. తర్వాత తెలిసింది, నిద్ర కోసం మొదటిసారి అది తాగింది ఆ వారంలోనేనట. వసతిగృహం వారి దగ్గరకు వెళ్లి, ఒక నెల నా బాధ్యతపై ఉంచమని, వైద్యుడికి నేనే చూపిస్తానని బతిమాలాను. మిగతా పిల్లలు చెడిపోతారు అన్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసివేయలేను. వారికి నూరుమంది పిల్లల తల్లిదండ్రులు జవాబు అడుగుతారు. అయినా ఆ నూరుమంది ఆ రోజు నేర్చుకున్నది గంజాయి చెడ్డదని కాదు, నిద్ర పట్టడం లేదని ఏ పెద్దవారికీ చెప్పకూడదని.

అతను ఇప్పుడు కాటేదాన్ వైపు ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. గంజాయి మానేశానని చెప్పాడు, నేను నమ్మాను. కిందటి ఆదివారం పొద్దున మైదానానికి వచ్చి, నా చేతిలోంచి స్టాప్‌వాచ్ తీసుకుని చిన్నపిల్లల లాపులు తానే చూశాడు. రెండో లాప్‌లో వెనకబడుతున్న ఒక పిల్లవాడితో పాటు ట్రాక్ పక్కన చెప్పులతోనే పరుగెత్తుతూ, "మోచేతులు కిందికి, కిందికి" అని అరిచాడు. ఆ పరుగులో అతని అడుగు ఇంకా అంతే పొడవుగా ఉంది. ఓపెన్ మీట్ ఫారం ఒకటి నా సంచిలో ఉంది. వయసు, క్లబ్బు, ఈవెంటు నేనే నింపి, సంతకం చోటు చూపించి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.